డ్రైవర్ లేని కారు దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్న చెయ్యి చూసి ఆగుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇంట్లో పదిహేను రోజులుగా ఒకటే వాదన నడుస్తోంది, అందుకే రాస్తున్నా.

మా నాన్నకి 72 ఏళ్ళు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది, రెండో కంటికి చేయించాలి. స్కూటర్ తాళాలు పోయిన దసరాకి నేనే దాచేశాను. ఆయనకి తెలుసు, అడగట్లేదు, అదే ఎక్కువ బాధ. చిన్న కారొకటి కొందామంటే మా తమ్ముడు వీడియో కాల్‌లో అడ్డం పడుతున్నాడు. వాడుండేది అమెరికాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. అక్కడ వేమో అనే కంపెనీ కార్లు 2020 నుంచే డ్రైవర్ సీటు ఖాళీగా ఉంచి మామూలు జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. వాడు ఎక్కి, స్టీరింగ్ దానంతటదే తిరుగుతున్న వీడియో పంపాడు. "ఇప్పుడు కారు దండగక్కా, ఐదేళ్ళు ఆగు, ఇవే మన దగ్గరికీ వస్తాయి, నాన్న ఒక్కడే ఎక్కి ఎక్కడికంటే అక్కడికి వెళ్ళొస్తాడు" అంటాడు. ఢిల్లీ మెట్రోలో మెజెంటా లైన్ 2020 డిసెంబర్ నుంచి డ్రైవర్ లేకుండా నడవట్లేదా అని దానికో సాక్ష్యం.

నాన్న మొత్తం విని ఒక్కటే అడిగారు. "నేను లోపల కూర్చున్నప్పటి సంగతి సరేరా, నేను రోడ్డు దాటుతుంటే అది నన్నేమనుకుంటుంది?"

ఆయన రోడ్డు దాటే పద్ధతి మీరు చూడాలి. సాయిబాబా గుడి నుంచి అవతలి వైపుకి వెళ్ళడానికి మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కి దిగమంటే మోకాళ్ళు నొప్పంటారు. కుడి చెయ్యి చాచి, అరచెయ్యి కొంచెం కిందికి పెట్టి, బస్సు డ్రైవర్ మొహంలోకి చూస్తూ నడిచేస్తారు. బస్సు కాస్త నెమ్మదిస్తుంది, బైక్ ఆయన వెనక నుంచి పోతుంది, ఆటో ముందు నుంచి పోతుంది. ఎవ్వరూ పూర్తిగా ఆగరు, ఎవ్వరూ గుద్దరు. చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది కానీ నలభై ఏళ్ళుగా అలాగే దాటుతున్నారు.

నా అనుమానం ఏంటంటే, ఆ చెయ్యి కారుకి అర్థం కాకపోతే ప్రమాదం. అర్థమై చెయ్యి చాచిన ప్రతివాడికీ ఆగిందనుకోండి, మా రోడ్డు మీద ఉదయం బయల్దేరిన కారు సాయంత్రానికి కొత్తపేట కూడా చేరదు. ఇందులో ఏది నిజం? సీరియస్‌గా తెలిసినవాళ్ళు చెప్పండి. కారు కొనాలా, ఆగాలా?

లేబుల్ బాబు:

అక్కా, మీ నాన్నగారు అడిగింది మామూలు ప్రశ్న కాదు. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్ళు అనోటేషన్ పని చేశాను. అంటే కార్ల కెమెరాలు తీసిన ఫొటోల్లో ఇది మనిషి, ఇది కారు, ఇది రోడ్డు అని చుట్టూ గీతలు గీసి పేర్లు పెట్టడం. వాటిని చూసే బండి నేర్చుకుంటుంది. ఎక్కువగా విదేశీ రోడ్లే వచ్చేవి, నిద్రొచ్చేది. ఒకసారి మన రోడ్ల బ్యాచ్ వచ్చింది, ఒక్కో ఫొటోకి మూడింతల టైం పట్టింది. బైక్ మీద భర్త, భార్య, మధ్యలో ఒక పిల్ల, ట్యాంక్ మీద పిల్లాడు, పక్కకి వేలాడుతూ గ్యాస్ బండ. ట్రాలీ ఆటో వెనక బారెడు బయటికొచ్చిన ఇనుప చువ్వలు, చివర ఎర్రగుడ్డ. ఈ చువ్వలు ఆటోలో భాగమా, వేరే వస్తువా అని టీమ్ లీడ్‌ని అడిగితే ఆయన పైవాళ్ళకి మెయిల్ పెట్టాడు, రెండు రోజులకి "ఆటోతో కలిపెయ్యండి" అని జవాబొచ్చింది. కలిపేశాం. ఆటో అంటే అంత పొడుగు ఉంటుందని అది ఎక్కడైనా నేర్చుకుని ఉంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మన రోడ్ల మీద ఎవరూ పని చెయ్యట్లేదని కాదు. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఇంటెల్‌తో కలిసి 2018లోనే ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని బయటపెట్టారు. హైదరాబాద్, బెంగళూరు, వాటి చుట్టుపక్కల తిరిగి 182 డ్రైవ్‌ల నుంచి తీసిన పది వేల ఫొటోలు, వాటిలో 34 రకాల పేర్లు. ఆటోకి సొంత పేరు పెట్టారు, జంతువులకి పెట్టారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి, అసలు రోడ్డు కాదు గానీ కావాలంటే బండి పోవచ్చు అనే నేలకి కూడా విడిగా ఒక పేరుంది. మన ఊళ్ళో రోడ్డు అంచు ఎక్కడ అయిపోతుందో, మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియక తిట్టుకున్నవాడికే ఆ ఆలోచన వస్తుంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళ తిహాన్ అనే డ్రైవర్ లేని బండ్ల పరిశోధన కేంద్రం కూడా ఉంది, 2022లో టెస్టింగ్ ట్రాక్ మొదలైంది, క్యాంపస్ లోపల డ్రైవర్ లేని చిన్న బస్సులు తిప్పుతున్నారు. కానీ క్యాంపస్ గేటు దాటితే ముంబై హైవే. తేడా ఆ గేటు దగ్గరే ఉంది.

ఇక మీ నాన్నగారి చెయ్యి సంగతి. 2018 మార్చిలో అమెరికాలోనే, మీ తమ్ముడుండే చోటుకి దగ్గర్లో టెంపీ అనే ఊళ్ళో, ఊబర్ టెస్ట్ కారు ఒకావిడని గుద్దేసింది, ఆమె చనిపోయింది. రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ జీబ్రా క్రాసింగ్ లేని చోట దాటుతోంది. కారు ఆమెని చూడలేదు అనుకుంటారు అందరూ. చూసింది! గుద్దడానికి ఐదు సెకన్ల ముందే చూసింది. కానీ ఒకసారి వాహనం అంది, ఒకసారి సైకిల్ అంది, ఒకసారి ఇంకేదో అంది, పేరు మార్చిన ప్రతిసారీ ఎటు వెళ్తుందనే లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతాడనే ఆలోచనే ఆ సిస్టమ్‌లో పెట్టలేదని దర్యాప్తులో తేలింది. లోపల కూర్చుని గమనించాల్సిన మనిషేమో ఫోన్ చూసుకుంటోంది. అప్పటికీ ఇప్పటికీ టెక్నాలజీ చాలా మారింది, ఒప్పుకుంటా. కానీ క్రాసింగ్ లేని చోట దాటడం అక్కడ ఎప్పుడో జరిగే విషయం, మన దగ్గర అదే పద్ధతి.

ఆటోమేటిక్ గేర్:

నాకు డ్రైవర్ లేని కారు లేదు గానీ అందులో పావలా వంతు ఉంది. పోయినేడాది అడాస్, అంటే డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్, ఉన్న కారు కొన్నా, కంపెనీ పేరెందుకులెండి. ముందు బండి దగ్గరైతే తనే బ్రేక్ వేస్తుంది. షోరూమ్‌లో చెప్పినప్పుడు బాగానే ఉంది. మెహదీపట్నం దగ్గర పిల్లర్ల పక్కన వెళ్తుంటే ఒక డెలివరీ కుర్రాడు నా ముందు అడ్డంగా దూరాడు. మామూలే కదా, రోజుకి యాభై మంది దూరుతారు. నా కారు మాత్రం ప్రాణం పోయినట్టు బ్రేక్ కొట్టింది. నేను ఎవర్నీ గుద్దలేదు, వెనకాల ఆటో నన్ను గుద్దింది. ఆటో అన్న దిగొచ్చి "ఎందుకాపినవ్ భాయ్?" అంటే నేనేం చెప్పాలి, నేను ఆపలేదు, ఇది ఆపింది అనా? చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దాన్ని ఆఫ్ చేస్తా, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాక ఆన్ చేస్తా. అక్కడ మాత్రం నిజంగా సుఖం, లేన్ పట్టుకుని పోతుంది. కాబట్టి అమ్మాయిగారూ, మీరన్న రెండోదే నిజమవుతుందని నా అనుభవం. మర్యాద ఎక్కువున్న కారుని ఈ ఊళ్ళో అందరూ తొక్కేస్తారు. ఇది ఎలాగూ ఆగుతుందిలే అని తెలిస్తే, డ్రైవర్ లేని కారు కనపడగానే బైకులన్నీ దాని ముందు నుంచే తిరుగుతాయి, రాసిపెట్టుకోండి.

ఎముకల వార్డు:

పైన అందరూ మిషన్ తప్పులే లెక్కపెడుతున్నారు, మనుషులేదో గొప్పగా నడుపుతున్నట్టు. నేను పనిచేసేది ఒక పెద్దాస్పత్రి ఆర్థో వార్డులో, శనివారం రాత్రి డ్యూటీ అంటే ఎవరూ ముందుకు రారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, ఇది కేంద్రం వేసిన లెక్కే. అందులో నూటికి 44 మంది టూ వీలర్ వాళ్ళు. వీళ్ళెవర్నీ రోబో గుద్దలేదు. తాగి, నిద్రమత్తులో, ఫోన్ చూస్తూ, రాంగ్ రూట్‌లో వచ్చి మనుషులే గుద్దారు. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి కారు ఎగిరి కింద పడింది గుర్తుందా? కింద నిలబడ్డ ఒకావిడ పోయింది. లిమిట్ ఉన్న చోట లిమిట్‌లో పోయే బండి అయితే ఆ కారు అలా ఎగిరేదే కాదు.

వేమో కార్ల మీద స్విస్ రీ అనే ఇన్సూరెన్స్ సంస్థతో కలిసి 2024లో ఒక లెక్క తీశారు. రెండున్నర కోట్ల మైళ్ళు తిరిగితే, మనుషులు నడిపే బండ్లతో పోలిస్తే గాయాల క్లెయిములు 92 శాతం తక్కువ. అది వాళ్ళ రోడ్లు, వాళ్ళ ఊళ్ళు, పైగా కంపెనీ కూడా ఆ లెక్కలో ఉంది, సరే. సగానికి కోసేసినా చిన్న అంకె కాదు. తాగని డ్రైవర్, నిద్రపోని డ్రైవర్ వస్తానంటే నేను వద్దనను.

నాన్నగారి చెయ్యి పద్ధతి నలభై ఏళ్ళు పనిచేసిందంటున్నారు. పనిచెయ్యనివాళ్ళు ఇలాంటి చోట వచ్చి రాయరమ్మా, మా వార్డులో ఉంటారు. కోపం తెచ్చుకోకండి, ఆయన్ని స్టేషన్ లిఫ్ట్‌లో ఎక్కించి అవతల దింపండి, మెట్లెందుకు.

లేబుల్ బాబు:

సార్, మీ అంకెలతో నాకు గొడవ లేదు. కానీ ఒక్క మాట. అమెరికాలో ఆ 92 శాతం ఎక్కడిది? గీతలు వేసిన రోడ్డు, పనిచేసే సిగ్నల్, ఎక్కడికక్కడ ముందే గీసుకున్న మ్యాప్, పైన లేజర్‌తో దూరం కొలిచే లైడార్, రాడార్, కెమెరాలు, ఇరుక్కుంటే దూరం నుంచి సలహా చెప్పే మనుషులు. ఇవన్నీ కలిపి. అంతుండీ 2025 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద పవర్ కట్ వస్తే సిగ్నళ్ళు ఆరిపోయి ఆ కార్లు చౌరస్తాల్లో నిలబడిపోయాయి, సర్వీసే ఆపుకోవాల్సి వచ్చింది. మన దగ్గర గట్టి వాన పడితే సిగ్నల్ పోతుంది. అప్పుడు కానిస్టేబుల్ వస్తాడు, ఆయన కూడా రాకపోతే పాన్ డబ్బా కుర్రాడు గొడుగు పట్టుకుని మధ్యలో నిలబడి చేతులు ఊపుతాడు. మనమంతా వాడి మాట వింటాం. వాడికి ఏ అధికారం ఉందని వింటున్నాం? వాడు చెప్పేది సబబుగా ఉంది కాబట్టి. ఇది ఏ ఫొటోకి పేరు పెట్టి నేర్పాలో నాకు తెలియదు, నాలుగేళ్ళు అదే పని చేసినవాణ్ణి.

టోలీచౌకీ క్యాబ్:

మేడమ్ నమస్తే. నేను పదకొండేళ్ళ నుంచి క్యాబ్ నడుపుతున్న. ఇంగ్లీష్ రిపోర్టులు నాకు తెల్వదు, నాకు తెలిసింది చెప్తా.

డాక్టర్ సాబ్ నిద్ర గురించి అన్న మాట నిజమే. తెల్లారగట్ల శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో కస్టమర్‌ని దింపి ఓఆర్‌ఆర్ మీద ఖాళీగా వస్తుంటే ఒకసారి నాకు కన్ను మూతపడింది. పక్కన గీతల మీద టైర్లు గరగరమన్నయ్, అప్పుడు లేచిన. ఎగ్జిట్ దిగి చాయ్ తాగి గంటసేపు బండిలోనే కూర్చున్న, చేతులు వణికినయ్. పద్నాలుగు గంటలు నడిపితే అంతే. ఎందుకు నడుపుతం? ఈఎంఐ. అది ఎవరూ అడగరు.

కానీ మేడమ్, కారు నడపడం మా పనిలో సగమే. మీరు పిన్ పెడతరు, పిన్ ఇంకో గల్లీలో పడుతది. అప్పుడు ఫోన్ చేసి "అన్నా, మిల్క్ సెంటర్ పక్క సందు, నీలం గేటు" అంటరు. ముసలమ్మ ఉంటే దిగి చెయ్యి పట్టుకుని ఎక్కిస్తం. శ్రావణమాసంల, పెళ్ళిళ్ళ సీజన్ల ఫంక్షన్ హాల్ ముందర బారాత్ పోతుంటే గంటసేపు ఇరుక్కుంటం. అప్పుడు హారన్ కొట్టొద్దు, కిందికి దిగి పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషిని పట్టుకుని "భాయ్, లోపల పేషెంట్ ఉన్నరు" అని చెప్తే వాళ్ళే డప్పులు ఆపి దారిస్తరు. మిషన్ ఎవరితో మాట్లాడుతది? మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే ముందుపోయిన ఆటో టైరు ఎంత మునిగిందో చూసి మేము పోవాల్నా వద్దా అనుకుంటం. నీళ్ళ కింద గుంత ఏ కెమెరాకి కనపడుతది?

ఇక ఉద్యోగాల సంగతి. గడ్కరీ సార్ 2023లో ఒక మీటింగ్‌లో డ్రైవర్ లేని కార్లు ఇండియాకి రానియ్యనని, డ్రైవర్ల పొట్ట కొట్టనని అన్నరు. మా స్టాండ్‌లో అందరం ఆ వీడియో చూసి ఖుషీ అయినం. మళ్ళీ మా దోస్తే అన్నడు, "మంత్రి మారితే?" అని. 2024 జనవరిలో గుద్ది పారిపోతే శిక్ష పెంచే కొత్త చట్టం మీద లారీ డ్రైవర్లు బంద్ పెడితే ఒక్క రోజుకే హైదరాబాద్‌ల పెట్రోల్ బంకుల ముందు ఎంత లైన్లు, మీరే చూసిండ్రు. డ్రైవర్ అంటే ఏందో ఆ ఒక్క రోజు అందరికీ అర్థమైంది, తర్వాత మర్చిపోయిండ్రు.

వకీలు ఎల్బీనగర్:

ఆలస్యంగా చూశాను. టెక్నాలజీ వదిలేసి నా వైపు నుంచి రాస్తా. ఇరవై ఏళ్ళుగా మోటార్ యాక్సిడెంట్ కేసులు వేస్తున్నా.

ప్రమాదం జరిగితే మనం ట్రైబ్యునల్‌లో వేసే పిటిషన్‌లో ఎదుటివాళ్ళు ముగ్గురు. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ. ఇన్సూరెన్స్ వాళ్ళ కౌంటర్‌లో, అంటే కోర్టుకిచ్చే జవాబులో, తరచూ కనపడే లైను "డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేదు కాబట్టి మా బాధ్యత లేదు" అని. ఇప్పుడు డ్రైవరే లేడు. ఆ కౌంటర్ ఎంత ఆనందంగా రాసుకుంటారో ఊహించుకోండి. 1988 మోటార్ వాహనాల చట్టం మొత్తం బండిని ఒక మనిషి నడుపుతున్నాడనే నమ్మకం మీదే కట్టారు. సెక్షన్ 134 ఏం చెబుతుందో తెలుసా, ప్రమాదం జరిగితే గాయపడ్డవాళ్ళకి వైద్యం అందేలా చూడాల్సింది డ్రైవర్ అని. ఖాళీ సీటు ఎవర్ని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెడుతుంది?

బయటి దేశాలు దీనికి చట్టాలు చేసుకుంటున్నాయి. బ్రిటన్ 2024లో చేసింది, కారు తనంతట తను నడుస్తున్నప్పుడు తప్పు జరిగితే లోపల కూర్చున్నవాడిది కాదు, కంపెనీది అని. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా రోడ్డు మీదికి తేవడం అంటే గుద్దించుకున్నవాడు కోర్టు చుట్టూ తిరగడమే.

నాకు అసలు భయం వేరే ఉంది, సాక్ష్యం. 2023 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దితే ఎగిరి పడ్డ ఒకావిడ క్రూజ్ అనే కంపెనీ రోబో ట్యాక్సీ కింద పడింది. అది ఆగింది, ఆగి మళ్ళీ పక్కకి పెడదామని కదిలి ఆమెని ఇరవై అడుగులు ఈడ్చుకుపోయింది. ఆ ఈడ్చిన సంగతి అధికారులకి సరిగ్గా చెప్పలేదని కంపెనీ మీద కేసయ్యింది, తప్పుడు రిపోర్ట్ ఇచ్చినట్టు కంపెనీ ఒప్పుకుని 5 లక్షల డాలర్లు కట్టింది. తర్వాత ఆ రోబో ట్యాక్సీల వ్యాపారానికి క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ డబ్బు పెట్టడమే మానేసింది. అక్కడ అధికారులకే అలా చేస్తే, ఇక్కడ చంపాపేట్ కూలీ భార్య పిటిషన్ వేస్తే ఆ వీడియో బయటికి తీసిచ్చేదెవరు? ఇప్పుడైతే టీ కొట్టువాడు సాక్షి. భయపడతాడు, వాయిదాకి రాడు, కానీ మనిషి దొరుకుతాడు. రేపు జరిగిందంతా చూసింది ఆ కారే, ఆ కారు ముద్దాయి కంపెనీది. ముద్దాయి జేబులో సాక్షి ఉన్న కేసు నేనింతవరకు వాదించలేదు.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి:

ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నాన్నకి అన్నీ చదివి వినిపించాను. డాక్టర్‌గారి మాటకి మూడు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "లిఫ్ట్ ఎక్కడుందో చూపించు" అన్నారు. చూపించాను, ఒకసారి అలా దాటారు. రెండో రోజు మళ్ళీ చెయ్యి చాచి నడిచారని పూలమ్మే ఆంటీ చెప్పింది. ఏం చెయ్యను.

తమ్ముడికి లింక్ పంపాను. వాడు కొంచెం తగ్గాడు, "ఐదేళ్ళు" అన్నది "ఓఆర్‌ఆర్ మీద పదేళ్ళు" అయ్యింది, ఆటోమేటిక్ గేర్ గారి పుణ్యమా అని. వకీలుగారి సెక్షన్ 134 మాత్రం వాడికి ముల్లులా గుచ్చుకుంది. వాడెక్కే కార్లు గుద్దితే ఏం చేస్తాయో ఇంతవరకు వాడే అడగలేదట, ఇప్పుడు అక్కడి రూల్స్ వెతుక్కుంటున్నాడు. నేను మాత్రం కారు బుక్ చేస్తున్నా, గేర్లు లేనిది, బ్రేక్ మాత్రం నా కాలి కిందే ఉండేది. నడపడం నేర్చుకుని నేనే తిప్పుతా. ఈలోపు వచ్చే మంగళవారం నాన్నకి రెండో కన్ను చూపించాలి, బంజారాహిల్స్ వెళ్ళాలి. టోలీచౌకీ అన్నా, మీరు రాగలరా? పొద్దున ఎనిమిదికి. మా సందులో పిన్ ఎప్పుడూ తప్పే పడుతుంది.

టోలీచౌకీ క్యాబ్:

వస్త మేడమ్. పిన్ పెట్టకండి, సాయిబాబా గుడి దగ్గరికి వచ్చి ఫోన్ చేస్త. సార్‌ని ఇవతలి వైపే నిలబడమనండి, నేనే యూ టర్న్ తీసుకుంట.